గంతుల పరీక్ష

"శ్రీజా, నీ వెయిట్ ఎంత?" అని అడిగింది ఎవాంజెలిన్, చెప్పులైనా విప్పకుండా నా గది గుమ్మంలో నిలబడి.

కాడుగోడిలో వాళ్ళ ఇంటి మేడ మీద గదిలో నేను అద్దెకు దిగి అప్పటికి రెండేళ్ళు. ఇద్దరం చనువుగానే ఉంటాం. అయినా ఆఫీసు నుంచి వచ్చి ఇంకా మొహమైనా కడుక్కోని మనిషిని అడగాల్సిన ప్రశ్న కాదది.

"ఎందుకు?" అన్నాను.

"నాకు తొమ్మిది టన్నుల మనుషులు కావాలి. అర్జెంట్."

ఎవాంజెలిన్‌ని అందరూ ఎవా అంటారు. నలభై దాటింది, పెళ్ళి చేసుకోలేదు. సివిల్ ఇంజనీరు. మొదట మెట్రో స్తంభాల దగ్గర పనిచేసింది. తర్వాత ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఒకటే పోలికతో లేచిన అపార్టుమెంట్లు కట్టించి విసిగిపోయింది. ఆ విసుగులో ఉన్నప్పుడే ఈ ఉద్యోగం దొరికింది. ఊళ్ళో ఒక విదేశీ ప్రభుత్వం వాళ్ళ కాన్సులేటు ఉంది. ఆ కాంపౌండులో ఏ గోడ కట్టాలన్నా, ఏ పైపు మార్చాలన్నా చూసుకునే ప్రాజెక్టు మేనేజరు ఆమే. ఆ దేశం పేరు బయట చెప్పనని సంతకం పెట్టింది కాబట్టి నేనూ చెప్పను. చాలా ఉత్తరాన, చాలా చల్లగా ఉండే చిన్న దేశం. వాళ్ళకొక రాజు ఉన్నాడు. ఇంతవరకూ చెప్పొచ్చట.

కాంపౌండు మధ్యలో దొరల కాలం నాటి రాతి బంగళా. చుట్టూ ఇద్దరు మనుషుల ఎత్తు గోడ. గేటు దగ్గర ఓబులేష్ గారు. ఆయన అనంతపురం వైపు మనిషి, పట్టాళంలో సుబేదారుగా చేసి వచ్చాడు. ఆయన చూడనిదే లోపలికి మేకు కూడా పోదు. ఒకసారి ఇసుక జల్లెడ వస్తే, అన్ని రంధ్రాలున్న వస్తువును ఏ పద్దు కింద రాయాలో తేలక అరపూట గేటు బయటే నిలబెట్టాడు. మేస్త్రి మునిస్వామి చింతామణి దగ్గరివాడు. పుట్టింది కర్ణాటకలోనే అయినా ఇంట్లో తెలుగే. "పాస్‌పోర్టు లేకుండా దినామూ ఫారిన్ పోయొస్తా ఉండామప్పా" అని తన మనుషులతో గొప్పగా చెప్పుకునేవాడు.

తొమ్మిది టన్నుల కథ ఆ బంగళా పై అంతస్తు హాలుతో మొదలైంది. అక్కడి పాత చెక్క నేలను చెదలు తినేశాయి. దాని బదులు కాంక్రీటు స్లాబు వెయ్యమని వాళ్ళ రాజధాని నుంచి డ్రాయింగు వచ్చింది. ఎవా దాన్ని చూసి వద్దంది. ఆ రాతి గోడలు సున్నంతోనూ మట్టితోనూ కట్టినవి, అంత బరువు నెత్తిన పెడితే నెర్రెలిస్తాయి అని వాదించింది. సన్నటి ఇనుప దూలాలు వేసి, వాటి మీద కొద్దిగా ఊగే చెక్క నేల పరుద్దామంది. వాళ్ళ పెద్ద ఇంజనీరు ఒకాయన ఉన్నాడు. బక్కపలచటి ముసలాయన. ఏ వీడియో మీటింగులో చూసినా ఆపిల్ పండు తింటూ కనిపిస్తాడు. ఆ మనిషితో ఎవా ఆర్నెల్లు పోరాడింది. ఆయన చివరికి సరేనన్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. జూన్‌లో వాళ్ళ జాతీయ దినం. ఆ రోజు అతిథులంతా ఆ హాల్లో చేతులు పట్టుకుని నాట్యం చేస్తారు, ఒక్కసారిగా ఎగిరి దూకుతారు. కాబట్టి నేల మీద నిండా బరువు పెట్టి పరీక్ష చెయ్యాలి. పరీక్ష తప్పితే చెక్కంతా పీకేయాలి.

మామూలుగా ఇలాంటి పరీక్షకు ఇసుక మూటలు పేరుస్తారు. ఎవా ఓబులేష్ గారిని అడిగింది.

"ప్రతి మూటా విప్పి చూడల్ల మేడం" అన్నాడాయన.

"ఇసుకలో ఏముంటుందండీ?"

"ఏమీ లేదని తెలుసుకునేకే గదా చూసేది."

అన్ని మూటలు విప్పి, చూసి, మళ్ళీ కట్టేసరికి జాతీయ దినం దాటిపోతుంది. పోనీ నీళ్ళ తొట్లు పెడదామంటే, రెండు వేల ఇరవై నాలుగు ఎండాకాలం అది. ఊళ్ళో సగం బోర్లు ఎండిపోయి, జనం ట్యాంకర్ల కోసం బిందెలతో కాచుకుని కూర్చున్నారు. పరీక్ష కోసం నీళ్ళు పారబోస్తే బయట మొహం చూపించలేమని కాన్సుల్ మేడమే కొట్టిపారేసింది. కాన్సుల్ మేడం అంటే ఆ ఆఫీసుకు పెద్ద. ఆరడుగుల మనిషి, కొప్పంతా తెలుపు, వచ్చిన ఏడాదిలోనే కన్నడ నేర్చుకుని ఆటోవాళ్ళతో బేరాలాడేది.

అప్పుడు వీడియో మీటింగులో ఎవా, "మనుషులతో చేద్దాం" అంది. నోరు జారినట్టు వచ్చేసిందట ఆ మాట.

పక్కనే ఉన్న మునిస్వామి తలూపాడు. "మంచి మాటే అమ్మణ్ణీ. మనుషులైతే వాళ్ళే నడిచొస్తారు, వాళ్ళే దిగిపోతారు."

తెర మీద ఇంజనీరు ఆపిల్ కొరకడం ఆపాడు. కాసేపు ఆలోచించి, "మంచిది. ఇసుక మూటలు నాట్యం చెయ్యలేవు. మనుషులైతే చెయ్యగలరు. కాబట్టి చెయ్యాలి" అన్నాడు.

అలా ఎవా ఆ సాయంత్రం నా గుమ్మంలో తేలింది.

నూట యాభై మందిని పోగెయ్యడం చిన్న పని కాదు. మునిస్వామి తన మనుషులందరినీ తెస్తానన్నాడు. కాన్సులేటు స్టాఫ్ కొంతమంది ఉన్నారు. నేను మా టీమ్‌లో అడిగితే, మొదట అదేదో ఆరోగ్య శిబిరం అనుకుని ఒప్పుకున్నారు. ఇంకా చాలా తక్కువ పడ్డారు. మిగిలింది ఎవా వాళ్ళ చర్చిలో పాటలు పాడే క్వయిర్, ఆ వెనక సంఘమంతా. కానీ దానికి ఎవా వాళ్ళమ్మ హన్నా గారిని దాటాలి.

హన్నా గారిది ఒంగోలు వైపు. ఇక్కడి ఆస్పత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ "కూర్చో" అంటే ఎదురుగా కుర్చీ ఉందో లేదో చూసుకోకుండా కూర్చుంటాం.

"మా సంఘం వాళ్ళు గెంతరు" అన్నారు హన్నా గారు, చిక్కుడుకాయలు తుంచుతూ.

"గెంతడం కాదమ్మా, టెస్టింగ్. స్ట్రక్చరల్ టెస్టింగ్."

"పేరు మారిస్తే గెంతు గెంతు కాకుండా పోతుందా? నిలబడమంటే వచ్చి నిలబడతాం. బరువు కావాలన్నావు, బరువు ఇస్తాం. కాళ్ళు మాత్రం కదపం."

"అది చాలమ్మా" అంది ఎవా. అప్పటికి అదే దొరికింది ఆమెకు.

శనివారం పొద్దున అందరం గేటు దగ్గర చేరాం. బళేపేటలో ఇనుప సామాన్ల కొట్టు నుంచి బస్తాలు తూచే కాటా ఒకటి అద్దెకు తెప్పించి, గేటు లోపల పెట్టారు. ఒక్కొక్కరినీ ఎక్కించి, ఓబులేష్ గారు బరువు పైకి చదివేవాడు. ఆడవాళ్ళు అడ్డం తిరిగారు. సంఘం ట్రెజరర్ గారి భార్య, బరువు వినబడేలా చదివితే ఇట్నుంచిటే ఇంటికి పోతానంది. చివరికి ఆయన అంకె చెప్పకుండా చీటీ మీద రాసి, మడిచి, ఎవా చేతికి ఇచ్చేలా ఒప్పందం కుదిరింది. మా టీమ్ లీడ్ అభిజిత్ కాటా ఎక్కే ముందు బెల్టు, వాచీ, ఫోనూ తీసేశాడు. "బరువు పెరిగితేనే నాకు మంచిది కదా, అన్నీ వేసుకోండి సర్" అంది ఎవా.

తప్పెట భుజాన వేసుకొచ్చిన మునిస్వామిని ఓబులేష్ గారు ఆపాడు.

"దీంట్లో ఏముండాది?"

"సద్దు ఉండాది" అన్నాడు మునిస్వామి.

ఓబులేష్ గారు దాన్ని వెలుతురుకెత్తి చూసి, వేలితో ఒకసారి కొట్టి, లోపలికి వదిలాడు.

పైకి వెళ్ళేముందు ఎవా మమ్మల్ని కింది గదిలోకి తీసుకెళ్ళింది. వీసా కోసం వచ్చేవాళ్ళు కూర్చునే గది అది. కుర్చీలన్నీ తీసేసి, ప్రతి దూలం కిందా ఇనుప జాకీలు నిలబెట్టి ఉన్నాయి. జాకీకీ దూలానికీ మధ్య రెండు వేళ్ళ సందు. "ఒకవేళ దూలం వంగితే వీటి మీద కూర్చుంటుంది. అంతకంటే కిందికి రాదు. నమ్మకం లేనివాళ్ళు ఇప్పుడే చెప్పండి, ఏమీ అనుకోను" అంది. ఎవ్వరూ కదల్లేదు. మాట మామూలుగానే ఉంది గానీ, చేతిలో చీటీలను అప్పటికి మూడోసారి లెక్కపెట్టుకుంటోంది. ఆర్నెల్లు పోట్లాడి సాధించుకున్న నేల కదా.

హాల్లోకి అడుగు పెట్టగానే కొత్త చెక్క వాసన. గోడ మీద పెద్ద తెర, తెరలో ఇంజనీరు, ఆయన చేతిలో ఆపిల్. మొదట ఊరికే నిలబడ్డాం. దూలం ఎంత వంగిందో చెప్పే గేజిలు కింద కట్టారు, వాటి అంకెలు ఎవా లాప్‌టాప్‌లో కనిపిస్తున్నాయి. అవి ఇంచుమించు కదలనే లేదు.

"ఇప్పుడు నాట్యం" అన్నాడు ఇంజనీరు.

కాన్సుల్ మేడం వేదికెక్కి చేసి చూపించింది. నాలుగడుగులు కుడికి, నాలుగడుగులు ఎడమకి, తర్వాత రెండు కాళ్ళూ ఎత్తి ఒక దూకు. అంతే. చూడ్డానికి పసిపిల్లల ఆట. చెయ్యబోతే తెలిసింది. మేం కుడికి పోతే మునిస్వామి మనుషులు ఎడమకి వచ్చారు. మెజెస్టిక్ బస్టాండులో ఒకేసారి నాలుగు బస్సులు వచ్చినప్పటి జనంలా ఉన్నాం. అభిజిత్ దూకాల్సిన చోట ఆగాడు, ఆగాల్సిన చోట దూకాడు. సంఘం వాళ్ళు మాట ప్రకారం మధ్యలో కదలకుండా నిలబడితే, మేమంతా వాళ్ళకు తగిలి వెనక్కి వచ్చాం.

"లాభం లేదు. ఎవరికి వాళ్ళు తొక్కితే నేలకు ఏమీ తెలియదు. అందరూ ఒక్కసారి దిగాలి. నాకు కావలసింది ఆ దెబ్బ" అన్నాడు ఇంజనీరు.

ఎవా మొహం వాడిపోయింది. అప్పుడు మధ్యలోంచి హన్నా గారు కదిలారు. కళ్ళజోడు సర్దుకుంటూ నేరుగా వేదిక మీదికి వెళ్ళారు.

"వీళ్ళకి లెక్క చెప్పేవాళ్ళు లేరు. అదీ జబ్బు" అన్నారు కాన్సుల్ మేడంతో, తెలుగులోనే. తర్వాత మా వైపు తిరిగారు. "అందరూ ఇటు చూడండి. నేను చెప్పినప్పుడే కాలు లేవాలి. ముందు కుడి. తొందరేం లేదు. ఊపిరి పీల్చుకోండి. కుడి... దించండి. ఇంకోటి."

ఆపరేషన్ అయినవాళ్ళను మంచం దింపి నడిపించే గొంతు అది. నూట యాభై మందిమీ పేషెంట్ల మాదిరి నడిచాం. కుడికి నాలుగు, ఎడమకి నాలుగు. "ఇప్పుడు దూకండి. భయపడకండి, నేనున్నాను." దూకాం. ధన్ అని ఒకటే చప్పుడు. తెర మీద ఇంజనీరు ముందుకు వంగాడు.

ఆ చప్పుడుకు తగ్గట్టు మునిస్వామి తప్పెట అందుకున్నాడు. ఆ తర్వాత సంగతి ఎలా చెప్పాలో నాకు సరిగ్గా తెలియదు. నేల మమ్మల్ని కింద పెట్టీ పెట్టగానే మెల్లిగా పైకి తోసింది. చిన్నపిల్లల్ని మేనమామ చంకల కింద చేతులేసి ఎగరేస్తాడే, అలాగ. మళ్ళీ దిగాం, మళ్ళీ తోసింది. స్కూలు వదిలాక నేను ఎక్కడా దూకి ఎరగను. ముందు నా పక్కన ఉన్న వీసా సెక్షను అమ్మాయి కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు వరసంతా పాకింది. అభిజిత్ కళ్ళు మూసుకుని నవ్వుతున్నాడు. ట్రెజరర్ గారి భార్య చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టి, రెండో చేత్తో సెంట్రింగ్ కుర్రాడి భుజం పట్టుకుని ఎగురుతోంది. నిలబడ్డానికి మాత్రమే వచ్చిన సంఘంలో నిలబడి ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు. వేదిక మీద హన్నా గారు మాత్రం ఆ వైపు చూడకుండా, కిటికీకేసి తిరిగి లెక్క చెబుతున్నారు.

ఎవా మాతో లేదు. లాప్‌టాప్ దగ్గర ఉంది. గేజిల అంకెలు హద్దుకు చాలా ఇవతలే ఊగుతున్నాయి. నవ్వాల్సిన సమయం. కానీ ఆమె తల పక్కకు వంచింది. లేచి మా మధ్యలోకి వచ్చి, ఎగురుతున్న కాళ్ళ సందున మోకాళ్ళ మీద కూర్చుని, తర్వాత బోర్లా పడుకుని నేలకు చెవి ఆనించింది. కళ్ళు తిరిగి పడిపోయిందనుకున్నాం. అలా పడుకునే చెయ్యి ఎత్తింది, ఆపమని. ముందు వరసలు ఆగాయి, వెనక వరసలు ఆగలేదు. ఓబులేష్ గారు విజిల్ ఊదితే, అది తాళమనుకుని ఇంకా జోరుగా దూకారు. హన్నా గారు "చాలు" అన్నారు. అప్పుడు ఆగారు.

"అంకెలు బాగానే ఉన్నాయి కదా, ఎందుకు ఆపారు?" అన్నాడు ఇంజనీరు.

"టిక్‌మంటోంది" అంది ఎవా, ఆయాసపడుతూ. "తప్పెట దెబ్బకు కాస్త వెనకగా. మనం చేసే చప్పుడు కాదది."

కిందికి దిగాం. అక్కడ ఇంకో విచిత్రం. గోడ మీది రాజు గారి పటం కింద పడి ఉంది. అద్దం పగిలింది. రాజు గారు వెల్లకిలా పైకప్పును చూస్తున్నారు. ఓబులేష్ గారు బిగుసుకుపోయి సెల్యూట్ కొట్టాడు. ఇంకేం చెయ్యాలో తోచలేదేమో పాపం. కాన్సుల్ మేడం వంగి చూసి, "ఈయన కొన్నేళ్ళుగా నిలబడే ఉన్నాడు, కాసేపు పడుకోనీండి" అంది.

ఎవా నిచ్చెన ఎక్కి, మూల దూలం దగ్గర టార్చి వేసింది. దూలాన్ని గోడలోని ఇనుప పట్టీకి బిగించే బోల్టులు అక్కడ నాలుగున్నాయి. మొదటి మూడూ బిగుతుగా ఉన్నాయి. నాలుగోది చేత్తో పట్టుకుంటే తిరిగింది. నిచ్చెన కింద నిలబడ్డ మునిస్వామి మొహం నల్లబడింది.

"ఇది నా చెయ్యే అమ్మణ్ణీ" అన్నాడు. "ఆ పొద్దే గదా నా మనవరాలు పుట్టిందని ఫోనొచ్చింది. స్పానర్ ఆడనే పెట్టేసి మైసూర్ పాకు తెచ్చేకి పోతిని. వచ్చినాక పక్క దూలం పట్టుకుంటి."

"ఆ మైసూర్ పాకు నేనూ తిన్నా కదన్నా" అంది ఎవా. "రెండు ముక్కలు తిని, సాయంత్రం వచ్చి, అన్నీ టైట్ అని నేనే ఓకే చేశా."

పైకి వెళ్ళి, తెర ముందు నిలబడి, అందరూ వింటుండగా ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఒక బోల్టు వదులు, బిగించింది మా మేస్త్రి, చూసి సరేనన్నది నేను, కారణం ఇదీ అని. చెబుతున్నంతసేపూ నేల పీకేయమంటాడనే ఎదురుచూసిందట. ఇంజనీరు ఆపిల్ ఒక కొరుకు కొరికి, నమిలి, మింగాడు.

"పాప బాగుందా?" అన్నాడు.

"బాగుంది."

"అయితే అన్ని బోల్టులూ మొదటినుంచి చూడండి. వచ్చే శనివారం మళ్ళీ దూకండి."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవా అన్నం కెలుకుతూ కూర్చుంది. "నా నేల టిక్‌మందమ్మా" అంది.

"ఇవాళే అంది కదా. జాతీయ దినాన, మంత్రులంతా ఎగిరేటప్పుడు అనకుండా. తిను" అన్నారు హన్నా గారు.

ఆ వారమంతా ఎవా, మునిస్వామి కలిసి ఒక్కో బోల్టూ బిగించారు. ఒకరు బిగిస్తే ఇంకొకరు చూడటం, ఇద్దరూ ఒప్పుకుంటే దాని తల మీద ఎర్ర రంగు చుక్క పెట్టడం. మునిస్వామి ఆ వారం రోజులూ ఫోను ఓబులేష్ గారి దగ్గరే పెట్టేశాడు. ఇంట్లో వాళ్ళు ఫోను చేస్తే, "పాప పాలు తాగిందంట" అని ఓబులేష్ గారు గేటు దగ్గర్నుంచి వచ్చి నిచ్చెన కింద నిలబడి చెప్పిపోయేవాడు.

ఇంకోవైపు ఇంకో గొడవ మొదలైంది. ఎగిరే నేల మాట బయటికి పాకిపోయింది. మొదటిసారి నూట యాభై మంది కోసం ఎవా ఇల్లిల్లూ తిరిగిందా, ఇప్పుడు ఇల్లిల్లూ ఆమె దగ్గరికి వచ్చింది. కాడుగోడి స్టేషను దగ్గర పూలమ్మే అంజినమ్మ, "నన్నూ పిల్చకపో తల్లీ, మోకాళ్ళు నొప్పులు పోతాయంట గదా" అంది. మా ఆఫీసులో పక్క టీమ్ వాళ్ళు నాకు కాఫీలు ఇప్పించారు. కానీ నేల మీద పెట్టాల్సిన బరువు అంతే, దానికి మించడానికి లేదు. అప్పుడు జనం లెక్క వేరే దారి పట్టింది. తక్కువమందితో ఆ బరువు రావాలంటే బరువైనవాళ్ళకే ముందు పిలుపు వస్తుందని ఎవరో పుట్టించారు. చీటీ మడిచి ఇస్తే తప్ప కాటా ఎక్కని ట్రెజరర్ గారి భార్య, ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద అందరిలో ఎవాని ఆపి, "డెబ్భై ఎనిమిదమ్మా నేను, గుర్తుపెట్టుకో" అంది. అభిజిత్ ఆ శుక్రవారం రెండు ప్లేట్ల బిరియానీ తిన్నాడు.

రెండో శనివారం గేటు బయట పెద్ద వరస. అంజినమ్మకు చోటు దొరికింది. ఓబులేష్ గారు అందరినీ తూచి, చివర్న తనే కాటా ఎక్కి, తన బరువు తనే రాసుకున్నాడు. గేటు దగ్గర ఇంకొకాయన్ని నిలబెట్టి వచ్చాడు. "నేల ఎట్లుందో లోపలి నుంచీ తెలుసుకోవల్ల గదా మేడం, సెక్యూరిటీకి" అన్నాడు. ఎవా నవ్వకుండా తలూపింది.

ఈసారి ఎవరికీ నేర్పక్కర్లేకపోయింది. హన్నా గారు ఒకటి అనగానే కాళ్ళు లేచాయి. ఎవా మొదట్నుంచీ నేల మీదే, చెవి ఆనించి, కళ్ళు మూసుకుని పడుకుంది. ఆమె చుట్టూ కాస్త చోటు వదిలి, ఆ చోటు చుట్టూ తిరుగుతూ ఎగిరాం. తప్పెట జోరు పెరిగింది. ఓబులేష్ గారు మీసం అదరకుండా, చేతులు పక్కలకు అంటించుకుని, నిటారుగా ఎగురుతున్నాడు. అంజినమ్మ కొప్పులోంచి మల్లెలు రాలి, మేం దూకినప్పుడల్లా అవీ జానెడు ఎత్తు లేస్తున్నాయి.

కాసేపటికి ఎవా లేచి కూర్చుంది. జుట్టు నిండా చెక్కపొడి. "వినబడట్లేదు" అంది. గట్టిగా మళ్ళీ అంది, "ఏమీ వినబడట్లేదు."

ఇంజనీరు ఏమంటాడోనని తెరకేసి చూశాం. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. బల్ల మీద సగం కొరికిన ఆపిల్ ఉంది. తెరలో ఆయన గది మాత్రం మా తాళానికే అదురుతోంది. కొంతసేపటికి ఆయన ఎర్రబడ్డ మొహంతో వచ్చి కూర్చుని, గొంతు సవరించుకుని, "పాస్" అన్నాడు.

ఆ మాట విని కూడా ఎవరూ ఆగలేదు. హన్నా గారు "చాలు" అనాలి. ఆవిడ అనలేదు. అటు చూస్తే వేదిక మీద లేరు. ట్రెజరర్ గారి భార్య పక్కన, చెప్పులు విప్పి, లెక్క పైకి చెప్పుకుంటూ కుడికి నాలుగు, ఎడమకి నాలుగు వేస్తున్నారు. దూకు దగ్గర మాత్రం మడమలు ఎత్తి దించుతున్నారు. అది గెంతు కిందికి రాదని తర్వాత మాకు వివరించారు.

జూన్‌లో జాతీయ దినం వచ్చింది. వాళ్ళ దేశం నుంచి మంత్రి ఒకాయన వచ్చాడు. పని చేసినవాళ్ళంతా అతిథులుగానే రావాలని కాన్సుల్ మేడం పట్టుబట్టింది. మునిస్వామి తెల్ల చొక్కా, కొత్త పంచె కట్టుకుని, గేటులో అలవాటుగా అన్నం డబ్బా విప్పి చూపించబోయి, చేతిలో డబ్బా లేదని గుర్తొచ్చి నవ్వాడు. ఎవా నెమలికంఠం రంగు పట్టుచీర కట్టుకుంది. ఆమెను హెల్మెట్ లేకుండా చూడని కూలీలు ఎవరో అనుకుని నమస్కారం పెట్టారు.

ఉపన్యాసాలయ్యాయి. సంగీతం మొదలైంది. కోట్లు వేసుకున్న పెద్దమనుషులు నేల పాడవుతుందేమో అన్నట్టు, మునివేళ్ళ మీద మర్యాదగా జరిగారు. దూకాల్సిన చోట కాస్త మోకాళ్ళు వంచి సరిపెట్టారు. ఎవా గోడ పక్కన నిలబడి అలవాటు కొద్దీ తల పక్కకు వంచి వింటోంది. మునిస్వామి ఆమె దగ్గరికి వచ్చాడు.

"అమ్మణ్ణీ, రెండు దపాలూ నువ్వు ఈ నేలకి చెవి పెట్టినావే గానీ కాలు పెట్టలేదు. రా, పోదాం."

"నాకు రాదన్నా."

"యారికొచ్చు? ఆ కోట్లోళ్ళని చూడు."

ఎవా చెప్పులు విప్పింది. ఇద్దరూ మధ్యలోకి నడిచారు. మునిస్వామి మనుషులు వెనకే వెళ్ళారు, వాళ్ళ వెనక మేం. మొదటి దూకుకే హాలు ధన్‌మంది. కోట్లవాళ్ళు ఉలిక్కిపడి, ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, మరుసటి దూకు నిజంగా దూకారు. ఎవాకి నిజంగానే రాదు. నూట యాభై మంది కదలికను లెక్కగట్టిన మనిషి, అందరూ ఎడమకి పోతుంటే తను కుడికి పోయి మంత్రి గారి పొట్టకు గుద్దుకుంది. సారీ చెప్పబోయింది, ఎక్కిళ్ళు వచ్చాయి. మంత్రి పగలబడి నవ్వి ఆమె చెయ్యి పట్టుకుని ఇటు తిప్పాడు. నవ్వు, ఎక్కిళ్ళు కలిసిపోయి ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. అలాగే ఆ పాటా, దాని తర్వాతి పాటా ఎగిరింది.

తిరిగి మెట్రోలో వచ్చాం. ఎక్కిళ్ళు ఆగలేదు. ఎమ్.జి. రోడ్డులో ఎక్కినప్పుడు హన్నా గారు ఊపిరి బిగబట్టమన్నారు. ఇందిరానగర్‌లో ఎదుటి సీటు తమిళావిడ చక్కెర పలుకులు నోట్లో వేసుకోమంది. బైయప్పనహళ్ళి దాటాక ఒక కాలేజీ కుర్రాడు ముక్కు మూసుకుని నీళ్ళు తాగాలని హిందీలో చెప్పి తన సీసా ఇచ్చాడు. ప్రతి ఎక్కిలికీ హన్నా గారికీ నాకూ నవ్వు ఆగడం లేదు. అది చూసి పెట్టె పెట్టెంతా నవ్వడం మొదలుపెట్టింది. ఒక పెద్దాయన కన్నడంలో, మీవాళ్ళెవరో తలుచుకుంటున్నట్టున్నారమ్మా, వాళ్ళ పేరు చెబితే ఆగుతుంది అన్నాడు.

"ఎవరి పేరని చెప్పను సార్," అంది ఎవా, ఎక్కిలికీ ఎక్కిలికీ మధ్య, "నూట యాభై మంది ఉన్నారు."

అయితే ఒక్కొక్కటే మొదలుపెట్టు, కాడుగోడి ఇంకా దూరమే కదా అన్నాడాయన. ఆమె కాళ్ళు సీటు మీదికి ముడుచుకుని, వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టింది. "మునిస్వామి, ఓబులేష్, అంజినమ్మ..."